జడ తడవని జల్లు

చైత్రం, బుధవారం రాత్రి.

అంటే అందరికీ తెలుసు, నాకొక్కడికే తెలియదు! మా ఆవిడ భుజం నొప్పితో చెంబు ఎత్తలేకపోతోందనే కదా, స్నానాల గదిలో జల్లు నల్లా పెట్టించాను. దుకాణంలో రెండు రకాలు చూపించారు. గోడకు భుజమెత్తున బిగించేది మరీ చిన్నదని వదిలేసి, నడినెత్తిన వానలా కురిసే పళ్లెమంత ఇత్తడిది తెచ్చాను. గౌలిపురాలో ఇంకెవరింట్లోనూ అంతది లేదు. పది రోజులుగా "మస్తు హాయిగున్నది" అంటోంది ఆవిడ.

ఇవాళ పొద్దున తలుపు అవతల చెంబు చప్పుడు వినిపించింది. బయటికొచ్చాక చూస్తే జడ పొడిగా ఉంది.

"రోజు తలకు పోసుకుంటే గీ జడ ఎప్పుడు ఆరాలె? నీకేంది, నీ గుండుకు తువ్వాల గూడ అక్కర్లేదు" అంది.

నల్లా బిగించిన కరీం భాయిని నిలదీశాను. ఇరవై ఏళ్ల స్నేహం మాది.

"మా ఇంట్ల భుజం కాడనే పెట్టిన అన్నా. నీకు చెప్దామంటే వదినె వద్దన్నది. మస్తు ఖుషీగున్నడు, ఉండనీ అన్నది."

ఇద్దరూ కలిసి నన్ను సంతోషంగా ఉంచారు. ఇంతకన్నా మోసం ఉంటుందా? పది రోజులు ఆ నొప్పి భుజంతోనే చెంబు ఎత్తింది. నేనేమో వాకిట్లో కూర్చుని మురిసిపోయాను.

పిలుస్తోంది. "ఇగో, నూనె చల్లారుతున్నది. నా భుజానికి పెడ్తవా లేదా?"

వస్తున్నా. రేపు కరీం ఆ నల్లాను కిందికి దించేటప్పుడు, ఎంత ఎత్తున ఉండాలో ముందు ఆమెనే అడగాలి, ఆ తరవాత... అదిగో, మళ్లీ పిలుస్తోంది.