బురద తెచ్చిన గెలుపు

ఆదివారం, తిరువళ్లూరు

ఈరోజు పందెంలో చిట్టి చివరన వచ్చింది. రెండేళ్లుగా లాయంలో నేనే సాకుతున్న గుర్రం. పోయిన నెల వానకు ట్రాక్ బురదైతే, మిగతావి కాళ్లీడుస్తుంటే ఇది గెలిచింది. గెలిచిన గుర్రానికి బరువు పెంచి పందెం సమం చేస్తారు క్లబ్బువాళ్లు; ఆ గెలుపు చూసి ఈసారి దీని వీపు మీద ఐదు కిలోలు ఎక్కువ వేశారు. ఈరోజు నేలేమో ఎండి రాయిలా ఉంది.

పొద్దున్నే ట్రైనర్‌తో అన్నాను. "సార్, ఆ దినం గెలిచింది బురద. ఈ గట్టి నేల మీద ఇంత బరువు మొయ్యలేదు."

"నాకు తెలీదా? బరువుల లిస్టు వచ్చేసినాక యాడ పోయి చెప్పేదిరా," అన్నాడు.

సాయంత్రం ఇంటికి రైలుకు బయలుదేరే ముందు లాయంలో చిట్టి ముందుకాలు తడిమితే వేడిగా తగిలింది. ఐసు కట్టాను. నా భుజం మీద తల ఆనించి నిలబడింది.

వేసిన బరువు మళ్లీ తగ్గించాలంటే ఇది ఇంకా కొన్నిసార్లు ఓడాలట. గెలిపించమని మొక్కుకుని తిరుత్తణి కొండ గుడిలో గుండు చేయించుకున్నాను. ఓడించమని ఏ మొహంతో ఆ కొండెక్కేది?