కాశి బొమ్మకు బొట్టు

ఆర్మూర్,
14 మార్చి 1994.

నా కాశిగా,

అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాయనా నేనూ బతికే ఉన్నాం. క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. ఆ జ్వరం నిన్ను తీసుకుపోయి ఏడాది కావస్తోంది. మార్కెట్‌కు కొత్త పసుపు దిగుతోంది. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో మీ నాయన తుమ్ముతూనే కూర్చుంటున్నాడు.

నీ పెళ్ళాం లిదియా మొన్న హైదరాబాద్ నుంచి వచ్చింది. నన్ను చూడడానికి కాదు, నీ బొమ్మ కోసం. హైదరాబాద్ కాలేజీకి పోకముందు, మన డాబా మీద అద్దం పెట్టుకుని నిన్ను నువ్వే వేసుకున్నావే, అది. "గవి అక్రిలిక్ రంగులు అత్తమ్మా. కాశి మొట్టమొదలు వేసుకున్న సొంత బొమ్మ గదే" అని నాకే చెప్పింది! ఆ రోజు చేతుల నిండా రంగులని నువ్వు నోరు తెరిస్తే అన్నం ముద్దలు పెట్టింది నేను. ఆ రంగుల పేరు నాకు చెప్పలేదు, దానికి చెప్పావు. కడుపు మండింది.

పోయినవాళ్ల పటాలకు పెట్టినట్టే నీ బొమ్మకూ రోజూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతున్నాను. వాటికున్నట్టు దీని మీద గాజు అద్దం లేదని నాకు తోచనే లేదు. లిదియా చూసి కొయ్యబారిపోయింది.

మీ నాయన, "గా పిల్లకు ఇయ్యరాదే, బొమ్మల సంగతి ఆమెకెరుక" అన్నాడు. నా కొడుకు సంగతి నాకెరుక అన్నాను. పెళ్లి చేసుకుని నిన్ను తీసుకుపోయింది చాలదా? పెళ్లికి ముందటి నువ్వు కూడా దానికే కావాలా?

అది తడిగుడ్డ అడిగింది. నీ ముఖం కొట్టుకుపోతుందని దాని చెయ్యి పట్టుకున్నాను. "నీళ్లకు పోదు అత్తమ్మా" అంది. మెల్లగా తుడిస్తే కుంకుమ పోయింది, నుదుటి మీద పసుపు మరక ఉండిపోయింది. ఇక తిడుతుందనుకున్నాను. గోడకు ఆనుకుని ఏడ్చింది. "నాకెరుకున్న కాశి పెద్దోడు. గీ మీసం రాని పోరన్ని నేనెన్నడు సూడలే, మీరు సూసిన్రు. గందుకే మీ మీద కుళ్లు నాకు" అంది.

నా మీద కుళ్లు! నిజం చెబుతున్నా కాశిగా, ముందు సంతోషమేసింది. తర్వాత సిగ్గేసింది. మళ్లీ సంతోషమే వేసింది.

బస్సు వేళ దాకా నీ చిన్నతనం చెప్పమంది. కొన్ని చెప్పాను. కొన్ని చెప్పలేదు, అవి నావి. ఉత్త చేతులతోనే బస్సెక్కింది.

ఇట్లు,
నిన్ను కన్న
కాంతమ్మ.

మరో మాట: కాశిగా, నువ్వున్న చోటికి పోస్టు పోదు. అందుకే కవరు మీద లిదియా అడ్రసు మీ నాయనతో రాయించాను. లిదియా, అంతా చదివావు కదా, నీ దగ్గర ఏమీ దాచలేదు. బొమ్మ మాత్రం ఇవ్వను. వాణ్ని చూడాలనిపించినప్పుడల్లా నువ్వే రా. చెప్పనివి ఉన్నాయి, వచ్చినప్పుడల్లా ఒకటి చెబుతాను. మరీ చిక్కిపోయావు బిడ్డా. వేళకు కడుపునిండా తిను.