రెండడుగుల ఎత్తున గడియ

జూన్ 3, మంగళవారం

ఫండు ఆఫీసులో ఈ రోజు ఏడు అప్లికేషన్లు చదివాను. ఆరు చదివి ముచ్చటపడ్డాను. ఏడోది చదివి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఆ ఫండు సంగతి రాయనక్కర్లేదు. అయినా రాస్తాను. మొదటినుంచీ ఎత్తుకుంటేగాని నాకు కథ నడవదు. మా వీధి చివర మేడ మీద మూడు గదుల ఆఫీసు. ప్రపంచంలో ఏ మూలనైనా పిల్లలు కష్టంలో ఉంటే, అక్కడి మనుషులే నలుగురూ కలిసి నడుపుకునే చిన్న చిన్న సంస్థలుంటాయి. పెద్ద సంస్థల కంటికి ఆనవు. వాటికి కావలసినవి వీళ్ళు అందిస్తారు. రెండేళ్ళ కిందట వీళ్ళ బీరువా తాళం పట్టేస్తే తెరవడానికి వెళ్ళాను. తెరిచాక లోపలున్న కాగితాలు చదువుతూ అక్కడే నిలబడిపోయాను. ఆఫీసు నడిపే మేడమ్, వయసుకి నా మనవరాలి లాంటిది, తాతగారూ పని అయిపోయిందా అని అడిగింది. పని ఎప్పుడో అయిపోయిందమ్మా, ఈ బార్బరు కథే అవలేదు అన్నాను. ఎక్కడో ఒక రైల్వే స్టేషన్లో ఒక బార్బరు ఒంటరిగా తిరిగే పిల్లలకు ఊరికే జుట్టు కత్తిరిస్తాడట. కత్తిరిస్తూ కబుర్లలో పెట్టి ఇల్లెక్కడో కనుక్కుంటాడట. చెవి పక్కన కత్తెర ఆడుతుంటే లేచి పారిపోలేరు కదా, ఎంత మొండిఘటమైనా ఏదో ఒకటి మాట్లాడాల్సిందే. నేను నవ్వడం చూసి మేడమ్ నన్ను చదువరిగా వేసుకుంది.

ప్రతి అప్లికేషనూ ముగ్గురం చదువుతాం. ఒకరు పిల్లల డాక్టరుగారు. ఒకరు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. నేను ఏమీ తెలియనివాళ్ళ కోటా. చదివాక పచ్చ, పసుపు, ఎర్ర చీటీల్లో ఏదో ఒకటి రాసి పిన్ను కొట్టాలి. ఎర్ర చీటీ పడ్డ అప్లికేషన్ కమిటీలో బతికి బట్టకట్టడం అరుదు. ఒకసారి కొట్టిన చీటీని, రాసినవాడైనా సరే, పీకకూడదు.

ఏడోది పంపింది ఆసుపత్రిలో వంటచేసే ఒకావిడ. ఇళ్ళలోనూ వర్క్‌షాపుల్లోనూ పనికి కుదిర్చిన పిల్లల్ని ఎవరైనా విడిపిస్తే, సొంతవాళ్ళు దొరికేదాకా ఆవిడా, ఆవిడ చెల్లెళ్ళిద్దరూ చూసుకుంటారు. మూతబడ్డ లాడ్జి ఒకటి తీసుకున్నారు. పదకొండు గదులు, పదకొండు మంది పిల్లలు. ఈసారి సాయం అందకపోతే లాడ్జి ఖాళీ చేయాలి, పిల్లలు తలో చోటికీ పోవాలి.

కావలసినవాటి జాబితాలో మొదటిది: గడియలు, పదకొండు. బిగించే ఎత్తు, నేల నుంచి రెండడుగులు. రెండోది పరుపులు.

నలభై రెండేళ్ళు తాళాల పని చేసినవాణ్ణి. రెండడుగుల ఎత్తున గడియ ఎందుకు పెట్టిస్తారో నాకు తెలుసు. తలుపు పక్కన కిటికీ ఉన్నప్పుడు, లోపలున్న మనిషి ఊచల్లోంచి చెయ్యి చాపినా గడియ అందకుండా పెట్టిస్తారు.

ఎర్ర చీటీ తీశాను. పిల్లల్ని గదుల్లో పెట్టి బయట గడియ వేస్తున్నారు, తాళాల పనివాడిగా చెబుతున్నాను అని రాశాను. పిన్ను నేనే కొట్టాను. గట్టిగా కొట్టాను.

జూన్ 4, బుధవారం

ఆ వంటావిడ దొంగే అయితే, గడియల మాట దాచి పరుపులు ముందు రాసేది కదా.

జూన్ 5, గురువారం, మధ్యాహ్నం రెండు

భోజనం దగ్గర మా ఆవిడ, ఏంటండీ రెండు రోజులుగా తాళంచెవి పారేసుకున్నవాడిలా తిరుగుతున్నారు అంది. చెప్పాను. అంతా విని, మరి రెండో పేజీలో ఏముంది అని అడిగింది. రెండో పేజీ ఏంటి అన్నాను. మీ సంగతి నాకు తెలీదా, పేపర్లో హెడ్డింగు చదివి వార్తంతా నాకు చెప్పే మనిషి మీరు, మొట్టమొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కూడా నా మొహం చూడకుండా మా వీధి తలుపు తాళం చూశారు అంది.

ఆ తాళం నిజంగానే చూడదగ్గది. ఇత్తడి పెట్టె, మూడు చుట్లు తిరిగేది, చుట్టు చుట్టుకీ ఒక్కో రకం చప్పుడు. ఆ మాటే అన్నాను. తను పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

రెండో పేజీ చదవలేదు. నిజం.

జూన్ 6, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళి ఫైలు తీయించాను. రెండో పేజీ ఉంది. చేత్తో రాసినదాన్ని ఆఫీసులో తర్జుమా చేసే అమ్మాయి టైపు చేసి పెట్టింది.

గడియ నున్నగా జారాలట. ఆరేళ్ళ పిల్ల ఒంటిచేత్తో వేసి తీయగలగాలట. వేళ్ళు నలగకూడదట. పడినప్పుడు చప్పుడు మాత్రం గట్టిగా రావాలట.

చప్పుడు చేయని గడియ కావాలని నన్ను జీవితమంతా పీక్కుతిన్నారు. చప్పుడు కావాలన్నవాళ్ళను ఇదే చూడటం. ఆరేళ్ళ పిల్ల వేసుకునే గడియ బయట ఎందుకుంటుంది? ఏ వైపు బిగించాలో ఆవిడ రాయలేదు. రాయాలని ఆవిడకు తట్టలేదు. ఇంకో వైపు ఉండొచ్చని నాకూ తట్టలేదు.

మేడమ్‌ను బతిమాలాను, ఏ వైపో అడిగి చూడమ్మా అని. ఆ మాట చీటీ రాయకముందు అడగాల్సింది తాతగారూ అంది. చీటీ పీకేస్తానన్నాను. రూలు గుర్తుచేసింది. పీకడానికి వీల్లేదు గాని దానిమీద ఇంకో చీటీ కొట్టొచ్చట.

జూన్ 9, సోమవారం

జవాబు వచ్చింది. లోపలి వైపే, ఇంకే వైపు అని మొదటి వాక్యం. ఆ తర్వాతి మాటలు తర్జుమా అమ్మాయి చదివి వినిపించింది. ఈ పిల్లల జన్మలో తలుపు వేసిందీ తీసిందీ ఎప్పుడూ వేరేవాళ్ళేనట. లాడ్జిలో గడియలన్నీ ఊడిపోయి ఉన్నాయట. వచ్చిన మొదటి వారం ఒక్కరూ పడుకోలేదట. దుప్పట్లు తలుపు దగ్గరికి లాక్కుని, తలుపుకి వీపు ఆనించి కూర్చుని కునుకు తీశారట. పరుపులిస్తే పరుపులు కూడా తలుపు దగ్గరికే లాక్కుంటారు, అందుకే గడియలు ముందు అని రాసింది. కూర్చున్నచోటి నుంచే చెయ్యి అందాలని రెండడుగుల ఎత్తట.

నాలుగు పేజీల పచ్చ చీటీ రాశాను. ఇది చీటీ కాదు తాతగారూ, దస్తావేజు అని మేడమ్ నవ్వింది.

జూన్ 13, శుక్రవారం

కమిటీకి ముందు చదువరులం ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. తాళాలాయన రెండో పేజీ ఉందని కనిపెట్టడం సంతోషం అంది హెడ్‌మిస్ట్రెస్. పడ్డాను. డాక్టరుగారు మాత్రం పచ్చ చీటీ ఇవ్వనన్నారు. లోపల గడియ పెట్టుకున్న పిల్లకు ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, తలుపు విరగ్గొట్టేలోపు పిల్ల ఉంటుందా అని అడిగారు. కోపం వచ్చింది. ఆయన చెప్పింది నిజమే కావడం వల్ల ఎక్కువ వచ్చింది.

బయటి నుంచి తెరుచుకునే గడియ అయితే ఒప్పుకుంటారా అన్నాను. ఒప్పుకుంటానన్నారు. జులై 18న కమిటీ. ఆలోపు చేసి చూపించాలి.

జూన్ 24, మంగళవారం

పది రోజులుగా వెనకగదిలో నేనూ, ఆకురాయీ, ఇత్తడి రజనూ. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి టీ అందిస్తోంది, లోపలికి అడుగుపెడితే చీరకి అంటుకుంటుందని.

నేను బడికి పోలేదు. అక్షరాలు తాళాల మీదే నేర్చుకున్నాను. కంపెనీ పేరు, నంబరు, ఎన్ని లివర్లో. ఏడేళ్ళప్పుడు మా మామయ్య కొట్లో కూర్చుని తాళం మీద ప్రతి అక్షరాన్నీ వేలితో తడిమేవాణ్ణి. అందుకేనేమో ఇప్పటికీ చదువుతుంటే వేలు కాగితం మీద పాకుతుంది. హెడ్‌మిస్ట్రెస్‌కి అది నచ్చదు.

గడియ కుదిరింది. లోపల మామూలు టవర్ బోల్టు, బొటనవేలికి ఒదిగే పిడి. బయట చొక్కా గుండీ అంత కన్నం. దానికోసమే చేసిన చీల దూర్చి తిప్పితే లోపలి గడియ వెనక్కి జరుగుతుంది. ఆ చీల తప్ప ఇంకేదీ పట్టదు. స్క్రూడ్రైవరు, చెంచా, హెయిర్‌పిన్ను అన్నీ పెట్టి చూశాను. చివరిది మా ఆవిడదే, వంగిపోయింది. పడినప్పుడు టక్కుమని పక్కింటికి వినబడుతుంది.

ఒక నమూనా కొరియర్‌లో పంపాం.

జులై 8, మంగళవారం, సాయంత్రం

వంటావిడతో ఫోను. మధ్యలో తర్జుమా అమ్మాయి. ఆవిడ ఐదు నిమిషాలు మాట్లాడితే ఈ అమ్మాయి, బాగుందంటున్నారు తాతగారూ అంటుంది. తక్కినదంతా ఏమైందమ్మా అంటే, తక్కినది కూడా బాగుందనే అంటుంది.

బయట కన్నం ఉందని పిల్లలకు చెప్పేసిందట వంటావిడ. చెప్పకుండా బిగిస్తే వాళ్ళే కనిపెడతారు, ఆ తర్వాత నా మొహం కూడా చూడరు అంది. పిల్లలు ఒప్పుకుంటేనే బిగిస్తుందట. వాళ్ళు కాదంటే కన్నం లేని గడియే కావాలట. కన్నం లేకపోతే డాక్టరుగారు కాదంటారు. ఇప్పుడు అప్లికేషన్ మొత్తం పదకొండు మంది పిల్లల చేతిలో ఉంది. న్యాయంగా చూస్తే వాళ్ళ చేతిలో ఉండాల్సిందే.

పదిమంది సరేనన్నారు. నాలుగో గది అమ్మాయి ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్ళుంటాయట. నమూనాను ఊడదీసి స్క్రూలన్నీ నేలమీద వరసగా పేర్చి చూసిందట. చూశాక ఒక ప్రశ్న అడగమందట. ఈ తాత బయట గడియలు కూడా బిగిస్తాడా అని.

తర్జుమా అమ్మాయి ఫోను చేత్తో మూసి నా వైపు చూసింది. మేడమ్ కూడా చూసింది. లేదు అంటే అక్కడితో పోయేది.

ఒకసారి బిగించాను అని చెప్పమన్నాను.

ఎక్కడా రాయనిది ఇక్కడ రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక పెద్ద ఇంట్లో సామాన్ల గదికి బయట, రెండడుగుల ఎత్తున గడియ పెట్టమన్నారు. పెట్టాను. గదిలో బస్తాల మధ్య ఒక చాపా, చిన్న చెప్పుల జతా ఉన్నాయి. చెప్పులు నా అరచెయ్యంత ఉన్నాయి. ఇంటావిడ టీ ఇచ్చింది. తాగాను. ఆ చెప్పులు ఎవరివని అడగలేదు. మొన్న ఎర్ర చీటీకి పిన్ను అంత గట్టిగా ఎందుకు కొట్టానో నాకు తెలుసు.

ఆ పిల్ల వంటావిడ పక్కనే ఉందట. నా జవాబు విని ఇంకోటి అడిగిందట. గదిలో ఎవరుంటారో అడిగాడా అని. అడగలేదన్నాను. ఫోను పెట్టేశారు.

తాతగారూ, ఒక్క ముక్క అబద్ధమాడితే మీ సొమ్మేం పోయేది అంది మేడమ్. అబద్ధమాడితే గడియ మంచిదే అవుతుందమ్మా, దాన్ని నమ్మమని ఆ పిల్లకు చెప్పే హక్కు నాకుండదు అన్నాను. అన్నాను గాని, మెట్లు దిగుతుంటే ఇంకో సంగతి తోచింది. నా నిజాయితీకి ఖరీదు కట్టేది నేను కాదు. లాడ్జి ఖాళీ చేసేది వాళ్ళు.

జులై 9, బుధవారం

ఫోను రాలేదు.

జులై 12, శనివారం

రాలేదు. మా ఆవిడ అడక్కుండానే రెండో టీ ఇచ్చింది. తను జాలిపడితే నాకు భయం.

జులై 16, బుధవారం, ఉదయం పదకొండు

వచ్చింది.

నాలుగో గది అమ్మాయి వారమంతా పరీక్షలు పెట్టిందట. ఒక పాత తలుపుకి నమూనా బిగించి, లోపల తను కూర్చుని, బయట వంటావిడనూ చెల్లెళ్ళనూ చీల లేకుండా తెరవమందట. చిన్న చెల్లెలు అట్లకాడ కూడా ప్రయత్నించిందట. తెరుచుకోలేదు. ఆ తర్వాత ఒప్పుకుంది. షరతులు చెప్పింది. చీల వరండాలో అందరికీ కనబడేచోట వేలాడాలి, అది మేకుకి లేకపోతే ఎవరు తీశారో అందరికీ తెలియాలి. తెరిచేముందు తలుపు మూడుసార్లు తట్టాలి, పేరు చెప్పాలి, పదివరకూ లెక్కపెట్టాలి.

నా గురించి ఏమంది అని అడిగాను. ఆయన గురించి ఏమీ అనలేదు, గడియ గురించే మాట్లాడింది అంది వంటావిడ.

సరైన మాట.

జులై 18, శుక్రవారం

కమిటీ. షరతుల కాగితం డాక్టరుగారు రెండుసార్లు చదివారు. పదివరకూ లెక్కపెట్టడం ఫిట్స్ వచ్చినప్పుడు కుదరదే అని ఒకసారి పైకే లెక్కపెట్టి చూసుకున్నారు. ఎనిమిది సెకన్లు పట్టింది. ఎనిమిది సెకన్లకు నాకు అభ్యంతరం లేదు అని పచ్చ చీటీ రాశారు. హెడ్‌మిస్ట్రెస్, ఈ పద్ధతి మా హాస్టల్లో ఎందుకు పెట్టలేదో అనుకుంటూ చీటీ రాసింది. ఆవిడ అలా అనుకోవడం నేనెప్పుడూ వినలేదు.

సాయం ఖాయమైంది. పదకొండు గడియలూ నేనే చేస్తాను.

ఫైలు మూసేముందు, ఆ ఎర్ర చీటీని ఇప్పుడు పీకేయొచ్చేమో తాతగారూ, రూలు సంగతి నేను చూసుకుంటా అంది మేడమ్. వద్దమ్మా, ఉండనీ అన్నాను.

సెప్టెంబరు 30, మంగళవారం

వంటావిడ దగ్గర్నుంచి ఉత్తరం. రిపోర్టు కాదు, ఒకటే వాక్యం. నాలుగో గది అమ్మాయి మొన్నొక రాత్రి గడియ వేయడం మర్చిపోయి నిద్రపోయిందట.