పిట్ట ముట్టే వంట

ధర్మపురి

దీక్షిత మేడంకు వెంకటి నమస్తే పెట్టి రాసేది.

కరీంనగర్ బస్టాండుల మీరు అతికిచ్చిన కాగితం చూసిన. చిన్న వ్యాపారాలకు ఫోన్లల్ల పేరు తెస్తమని ఉన్నది. నాకు గా పేరు కావాలె.

నేను, నా భార్య నర్మద మొదలు సిరిసిల్లల సాంచెలు నడిపేటోళ్ళం. ఆ మగ్గాల చప్పుడుకు చెవులు పోయినయి గని కూలి పెరగలే. గందుకే గోదారి ఒడ్డుకు వచ్చి వంటలు మొదలు పెట్టినం. పెండ్లి వంటలు కావు. మనిషి పోయినంక మూడో దినం పిట్టకు పెడ్తరు చూడుండ్రి, ఆ వంట. పోయినోళ్ళకు ఇష్టమైనవి ఆకుల పెడ్తం. కాకి వచ్చి ముట్టిందాక ఇంటోళ్ళు ఎవ్వరు తినరు.

ఇప్పుడు మా ఎదురుంగ ఒకాయన లైట్ల బోర్డు పెట్టి గిదే వంటశాల తెరిచిండు. ఫోన్ల నొక్కితే ఆయన పేరే వస్తున్నదట. గిరాకి మొత్తం అటే మర్లింది. దసరా దాకా చూస్తనని నర్మద కరాఖండిగ చెప్పింది. అప్పటికి కుదరకపోతే మూట కట్టి మళ్ళ సాంచెల కాడికే. నాకైతే ఆ చప్పుడుల మళ్ళ పడబుద్ధి అయితలేదు. జర మీరే చూడాలె.

ఇట్లు,
వెంకటి

తా.క.: ఫోన్ చేయకుండ్రి. చావు కబురు ఎప్పుడొస్తదో తెల్వది, లైను ఖాళీగ ఉండాలె. ఉత్తరం రాసి బస్సు కండక్టర్ భూమన్న చేతికియ్యుండ్రి.

*

కరీంనగర్

గౌరవనీయులైన వెంకటి గారికి, దీక్షిత నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం అందగానే నా మనసు పురివిప్పింది. డిగ్రీ చదువుతూనే డిజిటల్ మార్కెటింగ్ శిక్షణ పూర్తి చేశాను. నన్ను నమ్మిన తొలి వ్యాపారి మీరే.

శిక్షణలో నేర్పినట్టే ప్రణాళిక సిద్ధం చేశాను. ముందుగా, మీ వంట తిన్నవారు ఎంత తృప్తి పడ్డారో వాళ్ళ నోటితోనే చెప్పించి వీడియో పంపండి. ఒకసారి వచ్చిన వినియోగదారు మళ్ళీ మళ్ళీ రావడానికి ఏం చేస్తున్నారో కూడా రాయండి. తగ్గింపు కూపన్లు ఇస్తే తెలిసినవాళ్ళను కూడా వెంట తీసుకుపోతారని మా పాఠంలో ఉంది. ఇక అన్నిటికంటే ముఖ్యం, ఎదుటి వంటశాలలో లేనిది మీ దగ్గర ఏముంది? అది తేలితే మిగతా పని నాది.

మీ రంగం గంభీరమైనదని నాకు తెలుసు. అందుకే ప్రకటనకు ముదురు నీలం రంగు ఎంచుకున్నాను.

భవదీయురాలు,
దీక్షిత

తా.క.: నినాదం మాత్రం అప్పుడే కుదిరింది. “ఒక్కసారి రుచి చూస్తే వదిలి వెళ్ళలేరు.”

*

ధర్మపురి

దీక్షిత బిడ్డకు వెంకటి రాసేది. మేమిక్కడ మంచిగనే ఉన్నం, గిరాకే లేదు.

మా దగ్గర అందరికంటె ముందుగాల తినేది కాకి. నువ్వు అడిగినవని నర్మద దాన్నే వీడియో తీసింది. పులుసు ముక్క ఎత్తుకొని పోయింది గని ఏం చెప్పలే. మళ్ళ మళ్ళ వచ్చుడు అంటవా, మా దగ్గరికి వచ్చినోళ్ళందరు మళ్ళ ఈ గడప తొక్కద్దనే దండం పెట్టి పోతరు. తెలిసినోళ్ళను వెంట తీస్కపోవుడు అన్నకాడ నర్మద గరిటె కింద పెట్టి నా దిక్కు చూసింది. ఆ కూపన్లు మాకొద్దు.

ఎదుటాయనకు, నాకు ఒక్కటే ఫరక్. ఆయన ఇంటోళ్ళను అడిగి వండుతడు. నేను దోస్తులను అడిగి వండుత. మొన్న బెల్లంపల్లి బొగ్గుబాయిల పనిచేసిన పెద్దమనిషి పోయిండు. కొడుకులేమో మా బాపు చుక్క ముట్టలే, పెరుగన్నమంటే పాణం అన్నరు. సరే అని పెరుగన్నం పెట్టినం. పొద్దు గుంకవట్టింది, పిట్ట రాలే. అందరు ఆకలికి సోలిపోతుండ్రు. ఆయనతోని బాయిలకు దిగిన దోస్తును పక్కకు పిలిచి అడిగిన. “బోటి కూర, సగం సీస” అన్నడు. పెట్టి ఇట్ల జరిగిన్నో లేదో, కాకి ఆకు మీదనే వాలింది. ఆయన భార్య ఏడ్సుడు బందు చేసి, ఫోటో దిక్కు ఒక్క చూపు చూసింది. బతికుంటే ఆ చూపుకే పోయేటోడు.

వెంకటి

తా.క.: నినాదం మార్చు బిడ్డా. వదిలి పోవాలనే కదా గిదంతా పెడ్తున్నం.

*

కరీంనగర్

వెంకటి గారికి, సిగ్గుతోనూ సంతోషంతోనూ దీక్షిత వ్రాయునది.

మీ ఉత్తరం చదివాక నాకు కళ్ళు తెరుచుకున్నాయి. కుటుంబాన్ని అడిగితే అబద్ధం వస్తుంది. స్నేహితులు ప్రతిసారీ అందుబాటులో ఉండరు. ఇష్టాలు ఎవరివో వాళ్ళనే, వాళ్ళు బతికుండగానే అడిగితే పోలేదా? ఎదుటి వంటశాలకు ఈ ఊహ కలలో కూడా రాదు.

ప్రకటన ఇలా రాశాను. “మీకు నిజంగా ఏమిష్టమో మీ ఇంట్లో తెలుసా? పిట్ట రాక పరువు పోకముందే, మీ మూడో దినం వంట మీరే ఎంచుకోండి. ముందుగా రుచి చూసే సౌకర్యం కలదు. త్వరపడండి.”

వృథా కాకూడదని మీ చుట్టుపక్కల అరవై దాటినవారి ఫోన్లలో మాత్రమే కనిపించేలా పెట్టాను. వెంకటి గారూ, ఇక మీరు సాంచెల మాట మరచిపోవచ్చు.

విజయోత్సాహంతో,
దీక్షిత

తా.క.: ఎలా కనిపిస్తుందో చూద్దామని మొదట మా తాత ఫోన్‌లో పరీక్షించాను. ఆయన చదివి, ఫోన్ తీసుకొని గదిలోకి వెళ్ళిపోయాడు. మనసు నొచ్చిందేమోనని ఆ పూట కాకరకాయ కూర చేయించాం. ఆయనకు అదంటే ప్రాణం.

*

ధర్మపురి

బిడ్డా దీక్షితా, ఎంత పని చేసినవ్.

నీ ప్రకటన పడ్డ తెల్లారే ముసలోళ్ళందరు ఫోన్లు పట్టుకొని మా వంట షెడ్డు మీదికి వచ్చిండ్రు. ఒకాయన నా ముంగట చెయ్యి చాపి నాడి చూడుమన్నడు, కొట్టుకుంటుందా లేదా అని. బాలవ్వ అనే ముసలామె గిది నా కోడలు పంపిచ్చిందా అని ఒక్కటే అడుగుడు. త్వరపడుండ్రి అని రాసుడేంది బిడ్డా? నర్మద లోపలికి పోయి మూట కట్టుడు షురూ చేసింది.

గప్పుడు తెల్లధోతి పెద్దమనిషి ఒకాయన కరీంనగర్ బస్సు దిగిండు. అందరిని కర్రతోని పక్కకు జరిపి బల్ల మీద కూసున్నడు. “రుచి చూసే సౌకర్యం అన్నరు. ఏది మరి?” అన్నడు. చెవిల మిషను తీసి జేబుల ఏసుకున్నడు. ఎందుకని అడిగితే, అది ఉంటే డాక్టర్ మాటలు వినవడ్తయట. తలకాయ కూర తిన్నడు, నెయ్యేసుకొని తియ్యటి భక్షాలు తిన్నడు. ఉప్పు జర తక్కువైంది, శనివారం మళ్ళ చూసి ఖాయం చేస్త అన్నడు.

ఆయన తినుడు చూసి నాడి చూపిచ్చినాయన కూడ కూసున్నడు. బాలవ్వ చేపల పులుసు చెప్పింది. దసరా పోయింది, షెడ్డు నిండుతనే ఉన్నది, నర్మద మూట విప్పింది. తెల్లధోతాయన ప్రతి శనివారం దోస్తులను తోలుకొని వస్తుండు, ఇంక ఖాయం చేయలే. పేరడిగితే పిట్ట వచ్చిన్నాడు చెప్త అంటడు.

గని నర్మదకు ఒక్కటే ఫికర్. గింత తినే మనిషికి ఏమన్న అయితే ఇంటోళ్ళు మన షెడ్డు ఉంచరు అంటది. ఆ ఇంటోళ్ళెవరో నీ ఫోన్ల దొరుకుతరా?

వెంకటి

తా.క.: ఎదుటి వంటశాల ఆయన బాపు కూడ మా దగ్గరనే రుచి చూస్తుండు. వెనుక తలుపు నుంచి వస్తడు.

*

కరీంనగర్

వెంకటి కాకకు, మీ దీక్షిత నమస్తే.

ఈ ఉత్తరం భూమన్న చేతికి ఇవ్వలేదు. తెచ్చిన పెద్దమనిషి ఇప్పుడు మీ ఎదురుగానే కూర్చొని ఉంటాడు. చదువుతూ ముఖం మార్చకండి. ఆయన పేరు సుదర్శన్‌రావు. మా తాత.

శనివారం శనివారం ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి పోతున్నాడని ఇంట్లో అందరం మురిసిపోయాం. ప్రసాదమేదని అడిగితే అక్కడే తినేశానని అనేవాడు. మీరు చెవి మిషను సంగతి రాశాక గాని అది ఏ ప్రసాదమో అర్థం కాలేదు.

ముందు నాకు భయమేసింది. ప్రకటన తీసేసి, బాపుకు చెప్పేద్దామనుకున్నాను. చెప్పబోయేముందు తాత దగ్గరికి వెళ్ళి, నీకు కాకరకాయ ఇష్టమేనా అని అడిగాను. ఆయన తలుపు వైపు చూసి నెమ్మదిగా చెప్పాడు. “షుగర్ వచ్చిన కొత్తల మీ బాపమ్మ చేసింది. మంచిగున్నదన్న. అప్పటిసంది అదే పెడ్తుండ్రు.”

కాకా, ఆయన మూడో దినానికి మేమే వండి పెట్టి ఉంటే ఆ ఆకు దగ్గరికి ఏ పిట్టా వచ్చేది కాదు. పొద్దు గూకేదాకా కాకరకాయ ముందు నిలబడి, కాకులను తిట్టుకుంటూ ఉండేవాళ్ళం.

అందుకని బాపుకు చెప్పలేదు, ప్రకటనా తీయలేదు. తాతకు భక్షాలు ఒక్కటికి మించి పెట్టకండి, నెయ్యి తగ్గించండి. మీ షెడ్డుకు ఏ ఢోకా రాకుండా చూసే పూచీ నాది. ప్రకటనలో “త్వరపడండి” కొట్టేసి కొత్త వాక్యం పెట్టాను: “ఖాయం చేయడానికి తొందరేమీ లేదు.”

ప్రేమతో,
దీక్షిత

తా.క.: అదే బస్సులో వెనక సీట్లో కొంగు కప్పుకొని వచ్చినామె మా బాపమ్మ సీతాబాయి. నేనే ఎక్కించాను, తాతకు తెలియదు. ఆమెను షెడ్డు వెనకవైపు కూర్చోబెట్టి, ఏమిష్టమో ఆమెనే అడగండి. నాకు ఒక్కటే చెప్పింది, కాకరకాయ ఆమెకు కూడా పడదట.