చవక త్రాసు తూచిన తూటాలు

నోవై ఊళ్లో. నవంబర్, శనివారం రాత్రి.

నా స్నేహితుడు రవి తెల్లవారుజామునే జింకల వేటకి ఉత్తరం వైపు వెళ్లాడు. నా గరాజ్‌లో నేను నింపిన ఇరవై తూటాలు పట్టుకెళ్లాడు. షాపులో కొనేవి ఖరీదని, కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు దాచి, వాటిని మళ్లీ నింపే పాత ప్రెస్ ఒకటి కొని ఈ పని నేర్చుకున్నాను. మందు తూచే త్రాసు కూడా ఉన్నవాటిలో చవకదే కొన్నాను.

మధ్యాహ్నం మళ్లీ గన్ పౌడర్ తూచబోతే, అదే పొడికి త్రాసు మూడుసార్లు మూడు అంకెలు చూపించింది. వాడి తూటాల్లో ఎంత పోశానో నాకే తెలియదు. ఎక్కువైతే తుపాకీ మొహం దగ్గరే పగిలిపోతుంది.

వాడి ఫోన్ కలవలేదు. వాళ్లావిడ సునీతకి చేసి ఉన్నదంతా చెప్పాను.

"అన్నయ్యా, కీర్తన కూడా వాళ్ల నాన్నతోనే ఉంది," అని ఏడ్చేసింది. ఏడుస్తూనే వాళ్లు దిగిన కేబిన్ ఓనర్ నంబర్ వెతికి ఇచ్చింది. ఆయన అడవిలోకి మనిషిని పంపిస్తానన్నాడు. రెండు గంటలు గరాజ్ నేల మీదే కూర్చుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

చీకటి పడ్డాక రవి ఫోన్ చేశాడు.

"మేం ఓకే రా, సునీతకీ ఫోన్ చేశా. రెండే కాల్చాం, బానే పేలాయి. మిగతావి డబ్బాలో పెట్టేశా."

ఆ డబ్బా ఇక తెరవొద్దన్నాను. వాడు సరేనని గొంతు తగ్గించాడు.

"రెండోది కీర్తన కాల్చింది రా. సునీతకి చెప్పకు."

ఆ పిల్లకి పన్నెండేళ్లు. నేను నింపిన తూటా పేలినప్పుడు దాని చెంప తుపాకీకి ఆనించే ఉంటుంది.

సునీత ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.