సముద్రానికి వీపు పెట్టిన బెంచీ

పార్కు సూపరింటెండెంటు గారికి,

నమస్కారం. నేను రిటైరైన కుట్టుపని టీచర్ని. మా వారు ముప్ఫై ఏళ్ళు ఓడ ఇంజన్ గదిలో పనిచేశారు. అంతకాలం సముద్రం మీదే ఉండి, సముద్రాన్ని కళ్ళారా చూసింది లేదు. ఇప్పుడేమో మోకాళ్ళ నొప్పులు, ఇసుకలో నడవలేరు. మీ బీచ్ పార్కు గేటు దగ్గరి బెంచీయే మాకు దిక్కు. నాలుగు నెలల కిందట ఏ మహానుభావుడో దాన్ని గోడవైపు తిప్పేశాడు. సముద్రం మా వీపు వెనక పడింది. రోజూ ఆ గోడను చూడలేక చస్తున్నాం. ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
టీచరమ్మ

తా.క. మా వారు “గోడ బాగానే ఉందిలే” అంటారు. ఆయనది మరీ మెతక మనసు. పట్టించుకోకండి.


టీచరమ్మ గారికి,

నమస్కారాలు. గోడను చూడలేకపోతున్నామన్న మీ ఫిర్యాదు అందింది. వెంటనే గోడకు నీలం రంగు వేయించి, కెరటాలు, రెండు డాల్ఫిన్లు గీయించాం. ఇక హాయిగా చూడండి.

భవదీయుడు,
సూపరింటెండెంటు

తా.క. రంగు ఇంకా ఆరలేదు. ఆనుకోకండి.


అయ్యా,

నమస్కారం. అసలు సముద్రాన్ని పక్కనే పెట్టుకుని మాకు బొమ్మ సముద్రం చూపిస్తారా? పైగా ఒక డాల్ఫిన్‌కి మీసాలున్నాయి! నేనడిగేది ఒక్కటే. బెంచీని అవతలి వైపుకి మార్చండి. అంతే.

ఇట్లు,
విసిగిపోయిన టీచరమ్మ

తా.క. ఆనుకోవద్దన్న మీ ఉత్తరం, ఆనుకున్న మర్నాడు అందింది. మా వారి చొక్కా భుజం మీద ఇప్పుడో కెరటం ఉంది. ఎంత ఉతికినా పోవట్లేదు.


టీచరమ్మ గారికి,

నమస్కారాలు. మీరు కోరినట్టే బెంచీని గోడకు అవతలి వైపుకి మార్చాం.

భవదీయుడు,
సూపరింటెండెంటు

తా.క. అటువైపు మా ఎరువు గుంత ఉంది. గాలి వాటం చూసుకుని రాగలరు.


సూపరింటెండెంటు గారూ,

నమస్కారం పెట్టే ఓపిక లేదు, అయినా పెడుతున్నాను. ఎరువు గుంత ముందు పది నిమిషాలు ముక్కు మూసుకుని కూర్చున్నాను. మా వారు అక్కడ కూడా “నీడగా ఉంది కదూ” అన్నారు. ఇక లాభం లేదని నిన్న మీ ఆఫీసుకే వచ్చాను. మీరు సెలవట. అసలు ఆ బెంచీని తిప్పమన్నది ఎవరో తేల్చమని కేకలేస్తే, గుమాస్తా ఫైలు తెచ్చి నా ముందు పడేశాడు.

అందులో ఒక అర్జీ. ఆ కోడిగీతల దస్తూరీతో నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను, పోల్చుకోలేనా?

“పొద్దుటి ఎండ మా ఆవిడ కళ్ళలో సూటిగా పడుతోంది. ఆపరేషనయిన కళ్ళు. డాక్టరు నల్లద్దాలు పెట్టుకోమంటే, ముసలిదానిలా కనిపిస్తానని పెట్టుకోదు. నా కోసమని అక్కడే కూర్చుంటుంది. దయచేసి బెంచీ గోడవైపు తిప్పించండి. నేనడిగానని తెలియనివ్వకండి.”

ఇంటికెళ్ళి నిలదీశాను.

“సముద్రం ఎక్కడికీ పోదే. నీ కళ్ళు పోతాయి,” అన్నారు, పేపరు దించకుండా.

ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

ఇవాళ పొద్దున్నే నల్లద్దాలు కొన్నాను. బెంచీని సముద్రం వైపు తిప్పండి. సముద్రమంటే తడిగా ఉండేది.

ఇట్లు,
టీచరమ్మ

తా.క. మా వారి అర్జీలు మీ దగ్గర ఇంకేమైనా ఉన్నాయా? డాక్టరు నాకు తీపి మానమన్న వారమే మీ గేటు దగ్గర ఐస్‌క్రీం బండి మాయమైంది.