కళ్ళు పెట్టిన పటం

భువనేశ్వర్, మంగళవారం

నాన్నా, దండాలు. నేను క్షేమమే. ఫోనులో చెబితే సగం విని పెట్టేస్తావు, అందుకే ఈ కార్డు.

నార్వే ఆవిడ ఆన్‌లైన్‌లో కొన్న, నువ్వు గుడ్డ మీద వేసిన జగన్నాథుడి పటాన్ని నువ్వు చేసిచ్చిన చెక్కపెట్టెలోనే పార్సిలు ఆఫీసుకు తీసుకెళ్ళాను. కౌంటరులో ఉండే మహంతిబాబు దాన్ని తూచే ముందే టేపు పెట్టి కొలిచాడు. "పెట్టె ఎంత చోటు తింటే అంత కట్టాలమ్మా. ఈ ఖర్చుతో మీ నాన్న ఇంకో రెండు పటాలు వేయొచ్చు. చుట్టి గొట్టంలో పెట్టుకురా, తక్కువలో పోతుంది" అన్నాడు. పంపే ఖర్చు మనదేనని ఆవిడకు ముందే మాటిచ్చాం కదా, ఇప్పుడు అడగలేను.

చివర్న కళ్ళు పెట్టాక పటంలోకి ప్రాణం వస్తుందని, ఇక దేవుణ్ణి చుట్టకూడదని నువ్వంటావు. చుట్టేశాను నాన్నా. రంగు పెచ్చులూడకుండా, ఆయన ముఖం లోపలికి ముడుచుకుపోకుండా, బొమ్మ బయటివైపు ఉండేలా చుట్టాను. గొట్టంలో పెట్టి పంపేశాను. అయినా దారిలో ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదు. కోపమొస్తే నన్ను తిట్టు, అలిగి అన్నం మాత్రం మానేయకు.

ఇకమీదట దూరదేశాలకు పోయేవి చిన్నవి వేయి. గుడ్డకి పూసే జిగురుకి చింతగింజలు నానబెట్టారా? అమ్మ మోకాలికి తైలం పంపనా? వెంటనే జవాబు రాయించు.

గొట్టంలో అంతా చీకటి. పటం అందిందని ఆవిడ చెప్పేదాకా, సాయంత్రం పూట ఒక దీపం ఎక్కువ పెట్టమని అమ్మతో చెప్పు.

మీ సుకాంతి